ఎవరి మనిషిని

డులూత్‌లో, సుపీరియర్ సరస్సుకు ఎగువన,
మంచు కరిగి రోడ్లు బురదయ్యే ఏప్రిల్‌లో
కొండవాలు ఇళ్లన్నీ నేలమాళిగల్లో
నీళ్లు మోస్తుంటాయి, ఎవరికీ చెప్పవు.

గోడలకు చెవులుంటాయంటారు.
ఉంటాయి. నోరే ఉండదు.
ఆ లేని నోటికి బదులు
రాష్ట్రం నాకొక కాగితం ఇచ్చింది.
బల్ల వెనక మేకుకు, అద్దం కింద
నా పేరు, ఒక నంబరు,
పాల డబ్బా మీద ఉన్నట్టే గడువు తేదీ.

ఇల్లు కొనేవాళ్లు గుమ్మంలోకి రాగానే
కాఫీ పోసి కబుర్లలో పడకముందే
ఒక ఫారం ముందు పెట్టాలి: నేను ఎవరి మనిషిని?
అమ్మేవాళ్ల మనిషినా, కొనేవాళ్ల మనిషినా,
ఇద్దరికీనా, ఎవరికీ కానా.
నాలుగు గళ్లు, ఒక పెన్ను.
మా ఆవిడ కూడా
ఇంత సూటిగా ఎప్పుడూ అడగలేదు.

పదకొండేళ్ల కిందట
ఆర్విడ్ టోర్వాల్డ్ ఇల్లు అమ్మిపెట్టాను.
నేలమాళిగ గోడకు కొత్త సున్నం,
సున్నం వెనక తడి వాసన. ముక్కు నాకూ ఉంది.
నీరు చేరిన సంగతి తెలుసా అని కాగితం అడిగింది.
ఆర్విడ్ నా వంక చూశాడు,
నేను కిటికీ వంక చూశాను.
"తెలియదు" గడిలో టిక్కు పడింది,
పిచ్చుక కాలంత గుర్తు.

కొన్నది డార్లీన్ స్కార్, స్కూలు బస్సు నడిపే మనిషి.
రెండో వసంతంలో ఫోన్ చేసింది.
తిడుతుందని రిసీవర్ చెవికి దూరంగా పట్టుకున్నాను.
"నీళ్లు మూడో మెట్టు దాకా వచ్చాయి.
మీకు తెలియదన్నారుగా, చెబుదామని."
అంతే. పెట్టేసింది.

విచారణ, జరిమానా తర్వాతి సంగతులు.
ఆరు నెలలు గోడమీద ఉత్త మేకు.
ఆ ఆరు నెలలూ ఒడ్డున
చేపలు పొగబెట్టే షెడ్డులో పనిచేశాను.
చేపకు దాచుకునేదేమీ ఉండదు,
కడుపు చీల్చే అమ్ముతాం.

ఇవాళ మై యెర్ లో వచ్చింది, వెంట తమ్ముడు.
ఇద్దరూ ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ దిగి,
కళ్లలో ఇంకా ఆవిరి.
"ఇద్దరికీ" గడిలో సంతకం పెట్టారు,
అమ్మే లోర్నా పెల్కీ ముందే పెట్టింది.
అప్పు చూసిపెట్టే వెండెల్ ప్రూట్
తన మూడు పేజీలు పరిచాడు.
వడ్డీ, రుసుములు, తన వాటా.
ఒక అంకె మీద మై యెర్ వేలు ఆగింది.
"ఇది మీకా?"
"నాకే," అన్నాడు వెండెల్, చెవులు ఎర్రబడి.
చట్టానికి కావలసింది ఆ ఎరుపే అనుకుంటా.
మనిషి చూపు తిప్పుకునే చోటు వెతికి
అక్కడొక గీత గీసి, అంకె వెయ్యమంటుంది.

వంటగది చూపించలేదు, సరస్సు కనిపించే
మేడగది చూపించలేదు.
ముందు కిందికి తీసుకెళ్లాను, టార్చి పట్టుకుని.
"ఇక్కడ, ఈ మూల. వేలు పెట్టి చూడండి."
తమ్ముడు వేలు పెట్టాడు. వాసన చూశాడు.
అక్కతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు.
అడగలేదు నేను, అది వాళ్లిష్టం.
వాళ్ల మీద ఏ ఫారమూ లేదు.

సాయంత్రం లోర్నా ఫోన్:
"ఇల్లు అమ్మిపెట్టమన్నానా, పరువు తీసిపెట్టమన్నానా?
నువ్వసలు ఎవరి మనిషివి?"
ఫైల్లో జవాబుంది, తేదీతో సహా.
చదివి వినిపించబోయి ఊరుకున్నాను.
ఆమెకూ నెలనెలా కట్టే వాయిదాలున్నాయి,
నాకూ ఉన్నాయి.

మై యెర్ ఇంకా ఫోన్ చెయ్యలేదు.
చూరు నుంచి మంచు బొట్లు బొట్లుగా
కొండ కిందికి, ఎవరి గోడ వెతుక్కుంటూనో.
ఫారం చివర నాలుగు ఖాళీ గీతలుంటాయి:
ఇంకేమైనా తెలిస్తే రాయండి.
మూల తడి రాశాను. చిమ్నీ పగులు రాశాను.
డార్లీన్ మూడో మెట్టు ఈ ఇంటిది కాదు,
అయినా పెన్ను అక్కడ కాసేపు ఆగింది.
గీతలు అయిపోయాయి.
కాగితం వెనక్కి తిప్పాను.